బ్రేకు మనిషి

ఆ ఏడు శెనక్కాయలు పెరికే సుగ్గికి ముందే మా ఆయన ఎద్దుల్ని అమ్మేశాడు.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయి అప్పటికి ఏడెనిమిదేళ్ళయి ఉంటుంది. అంతవరకూ పులివెందుల పల్లెల్లో పండిన కాయంతా ఎద్దుబండ్ల మీదే ప్రొద్దుటూరు నూనెమిల్లులకు చేరేది. బండ్లు వరస కట్టి వచ్చేవి. ఆ వరసలో మా ఆయన దస్తగిరిది ముందు బండి. దారిలో నక్కల కనుమ అని ఒక కొండదిగుడు ఉంది. ఒక పక్క గుట్ట, ఇంకో పక్క లోయ. అక్కడ మా ఆయన ఎట్లా దిగితే వెనకవాళ్ళు అట్లా దిగేవాళ్ళు. చక్రానికి మొద్దు ఎక్కడ అడ్డం కట్టాలో, ఏ వంపు దగ్గర ఎద్దుల్ని ఆపి ఊపిరి తీసుకోనివ్వాలో ఆయనకు కళ్ళు మూసుకున్నా తెలుసు. ఆ సంవత్సరం రైతులు బండ్లకు కబురు పెట్టడం మానేశారు. వాళ్ళలో పెద్దరైతు ఓబులేసురెడ్డి కొన్న ట్రాక్టరు కోసం కాచుకుని కూర్చున్నారు.

ఎద్దుల్ని తోలుకుపోయిన రోజు ఆయన అన్నం ముట్టలేదు. మరునాడు పొద్దున్నే వచ్చి మా నాయన కొలిమి ముందర కూర్చున్నాడు. పని చెప్పమని అడగలేదు. కూర్చున్నాడంతే.

మా నాయన లాల్ బాషా. మా తాతల పని దూదేకడం, పరుపులు కుట్టడం. నాయన మాత్రం చిన్నప్పుడే ఒక కమ్మరి దగ్గర చేరి ఇనుము పట్టుకున్నాడు. ప్రొద్దుటూరులో జమ్మలమడుగు రోడ్డు పక్కన మా ఇల్లు, ఇంటి గడప ముందరే కొలిమి. అమ్మ పోయినాక మేమిద్దరం నాయన దగ్గరే ఉన్నాం. పిల్లలు ఇంకా లేరు. తిత్తి ఊదే పని నాది. అందుకే ఆ కొలిమి ముందర జరిగిన మాటలన్నీ నా చెవిన పడ్డవే.

ఓబులేసురెడ్డి ట్రాక్టరును మా కొలిమికే తెచ్చాడు. పెయింటు పోయి తుప్పు రంగు తేలిన పాత బండి. వెనక తగిలించిన ట్రాలీ కొత్తది, కానీ దాని ఇరుసు ఏదో పాత లారీ నుంచి ఊడదీసింది.

"సాయిబూ, ఈ ట్రాలీకి బ్రేకు పెట్టాల," అన్నాడు. "పోయినేడు కనుమలో ఎవురిదో ట్రాక్టరుకు ఏమాయనో విన్నావు గదా. ఎనకాల ట్రాలీ నెట్టుకోని నెట్టుకోని ట్రాక్టరునే బోర్లా ఏసింది."

"విన్న్యాలే రెడ్డీ. ట్రాక్టరు ఆగితే సాలదు. ఎనకాల బరువు ఊరకుంటాదా? ముందు ట్రాలీ ఆగాల, ఆ తర్వాతనే ట్రాక్టరు. ఆ వరస తప్పితే మనిషి బతకడు."

నాయన ట్రాలీని జాకీ మీద లేపి చక్రాలు ఊడదీశాడు. లోపల లారీ కాలం నాటి బ్రేకు డ్రమ్ములు చెక్కుచెదరకుండా ఉన్నాయి. లైనింగులు అరిగి గాజులాగా నునుపెక్కాయి. కొత్త లైనింగులు కత్తిరించి రివెట్లు కొట్టాడు. ఇరుసు నుంచి ట్రాక్టరుకు తగిలే ట్రాలీ మూతి దాకా ఒక ఇనుప కమ్మీ లాగి, దాని చివర నడుమెత్తు పిడి బిగించాడు. పిడి లాగితే రెండు చక్రాలూ ఒక్కసారే పట్టాలి. ఒకటి ముందు పడితే ట్రాలీ అటు పక్కకు ఈడుస్తుంది. అందుకని నాయన పిడి లాగడం, మా ఆయన రెండు చక్రాలనూ చేత్తో తిప్పి చూడటం, "ఎడమది రవ్వంత ఆలస్యం మామా" అనడం, నాయన మళ్ళీ బోల్టు తిప్పడం. పనిలో పడి మా ఆయన ఎద్దుల సంగతి మర్చిపోయినట్టు కనిపించాడు. చాలా రోజుల తర్వాత ఆయన ముఖంలో వెలుతురు చూశాను.

పేచీ ఆ పిడి ఎవరి చేతిలో ఉండాలన్న దగ్గర వచ్చింది.

"ఈడ నుంచి వైరు తీసకపోయి డ్రైవరు సీటు ఎనకాల ఇంగొక పిడి పెడ్తా," అన్నాడు నాయన. "నారాయణ చెయ్యి ఎనక్కి సాపితే అందాల."

నారాయణ ఓబులేసురెడ్డి డ్రైవరు. సన్నగా, ఎప్పుడూ ఏదో తప్పు చేసినవాడిలాగా తల వంచుకుని ఉండేవాడు. ఆ రోజు మాత్రం నోరు విప్పాడు.

"చేను దున్నే మడక పని పడినప్పుడల్లా ట్రాలీ ఇప్పాల మామా. ఇప్పినప్పుడల్లా వైరు ఊడదీయాల, మళ్ళ బిగించాల. సుగ్గి దినాల్లో అదంతా ఎవురితో అయితాది?"

"అదెందుకు?" అన్నాడు ఓబులేసురెడ్డి. "ట్రాలీ మూతి కాడ ఒగ బల్ల ఎయ్యి సాయిబూ. మనిషిని కూచోబెడతాం. డ్రైవరు చెయ్యెత్తితే వాడు పిడి లాగుతాడు."

నాయన పట్టకారు కింద పెట్టాడు. "ఆ తావు మంచిది కాదు రెడ్డీ. ముందర ట్రాక్టరు, ఎనకాల ట్రాలీ. రెండూ మడత పడితే ఆ మడతలో ఉండేది ఆ బల్లే."

"మడత పడకుండా గదా బ్రేకు పెట్టిస్తాండేది!" అని రెడ్డి నవ్వాడు.

అప్పుడు మా ఆయన లేచి నిలబడి చేతులకు అంటిన గ్రీజు తుడుచుకున్నాడు. "నేను కూచుంటా అప్పా," అన్నాడు. "ఆ కనుమ నాకు తెల్సు."

రెడ్డి వెళ్ళిపోయాక నాయన పనిముట్లు సర్దాడు. అన్నం పెట్టి పిలిస్తే వచ్చి కూర్చున్నాడు గానీ ముద్ద కలపలేదు.

"నా చేత్తో నేనే నీకు ఆ బల్ల ఎయ్యాల్నా దస్తగిరీ?"

"నువ్వు ఎయ్యకపోతే ఇంగొకడు ఏస్తాడు. వాడు నీ మాదిరి గట్టిగ ఏస్తాడా మామా?"

"అది ఎద్దులబండి కాదురా."

"దిగుడు అదే గదా," అన్నాడు మా ఆయన. "నేను ఆ దావలో తిరగకుండా ఈడ కూచోని ఉండలేను మామా. కూచుంటే ఎద్దులు గుర్తొస్తాండాయి," అన్నాడు.

నాయన బల్ల వేశాడు. తన చేతనైనంత గట్టిగా వేశాడు. కాళ్ళు తన్నిపెట్టుకోవడానికి కింద ఒక ఇనుప పలక కూడా అతికించాడు.

సుగ్గి మొదలైంది. కార్తీకమాసం మంచులో తెల్లవారకముందే ఆయన పోయేవాడు. రెండు రోజులకో మూడు రోజులకో మూటలతో ప్రొద్దుటూరు వచ్చి మిల్లులో దింపి, ఇంట్లో ఒక పూట తిని, మళ్ళీ అదే ట్రాలీ మీద వెనక్కి పోయేవాడు. ఒళ్ళంతా ఎర్రదుమ్ము. మాటలు మాత్రం పెరిగాయి. ఏ ఊళ్ళో కాయ గట్టిగా ఉందో, ఎక్కడ వానలేక పొల్లు పోయిందో, నారాయణకు ఇంజను శబ్దం వింటే ఏ రోగమో ఎట్లా తెలుస్తుందో చెప్పేవాడు.

ఒకసారి పులివెందులలో మా చిన్నమ్మ ఇంట్లో పీరుకు మొక్కుకున్న కందూరు విందు చేశారు. పోయి, తిరిగి వచ్చేటప్పుడు నేను వాళ్ళ ట్రాలీలోనే ఎక్కాను. మూటల మీద దుప్పటి పరిచి నన్ను కూర్చోబెట్టాడు. కనుమ మొదట్లో నారాయణ ట్రాక్టరు ఆపి దిగాడు. ట్రాక్టరుకు బ్రేకు పెడళ్ళు రెండు ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది. చేనులో మలుపు తిప్పేటప్పుడు ఏ పక్కకు తిరగాలో ఆ పక్క పెడలు ఒక్కటే తొక్కుతారు. రోడ్డు మీద అట్లా తొక్కితే బండి గిర్రున అడ్డం తిరుగుతుంది. అందుకని రోడ్డెక్కేముందు రెండింటినీ కలిపి ఒక కొక్కెం వేస్తారు. ఏ పెడలు తొక్కినా రెండూ దిగుతాయి. నారాయణ ఆ కొక్కెం వేసి, కాలితో తన్ని చూసి, మొదటి గేరులో పెట్టాడు.

"కొక్కెం ఏస్తివా నారాయణా?" మా ఆయన అడిగాడు.

"ఏస్తి."

"ఇంగ కదులు."

నారాయణ ఎడమచెయ్యి పైకి లేచింది. మా ఆయన పలకకు కాళ్ళు తన్ని, వెనక్కి ఒరిగి పిడి లాగాడు. నా కింద మూటలు ఒక్కసారి ఆగి, మెల్లగా జారినట్టు కదిలాయి. చెయ్యి దిగితే వదిలేవాడు, లేస్తే లాగేవాడు. చివరికి చెయ్యి ఎత్తకముందే ఈయన లాగుతున్నాడు, ఈయన లాగకముందే నారాయణ వేగం తగ్గిస్తున్నాడు. లోయ పక్కకు చూడలేక నేను ఆయన వీపు చూస్తూ కూర్చున్నాను. చెమటకు చొక్కా అంటుకుని ఉంది. కనుమ దిగిపోయాక వెనక్కి తిరిగి నావైపు చూసి నవ్వాడు. ఎద్దుల్ని అమ్మిన తర్వాత ఆయన అట్లా నవ్వడం అదే మొదటిసారి.

ఇంటికి వచ్చి నాయనకు చెప్పాను. "బాగా పడతాంది నాయనా, నీ బ్రేకు."

"బ్రేకు బాగానే పడతాది," అన్నాడు నాయన.

సుగ్గి చివర్లో తుపాను పట్టింది. రెండు రోజుల నుంచి గాలి తూర్పు నుంచి తిరిగి, మబ్బు కొండల మీదికి దిగి వచ్చింది. చేలల్లో, కళ్ళాల్లో ఉన్న కాయ తడిస్తే బూజు పట్టి పశువులు కూడా ముట్టవు. రైతులందరూ ఓబులేసురెడ్డి ఇంటి ముందర చేరారు. ఆయన ఎవరికి కాదని చెప్పగలడు? పొద్దున పప్పుశెనగ విత్తనం కోసం తన చేను దున్నించుకుంటున్న ట్రాక్టరును మధ్యలోనే నిలిపి, మడక ఊడదీసి, ట్రాలీ తగిలించమన్నాడు. మూటలు మామూలుగా వేసేదానికంటే పైకి వేశారు. వాటి మీద, జమ్మలమడుగు వైపు నుంచి కాయ పెరకడానికి సుగ్గికి వచ్చి, వానకు ముందు ఊరు చేరాలని తపిస్తున్న ఆడవాళ్ళు ఎక్కారు. వాళ్ళ మేస్త్రమ్మ వసంతమ్మ.

ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఆ సాయంత్రం నాకు తెలిసింది వానొక్కటే. కొలిమి మీద తాటాకుల చూరు కారుతుంటే నాయన నిప్పు మీద రేకు కప్పుతున్నాడు. అప్పుడు ఒక మనిషి తడుస్తూ సైకిలు మీద వచ్చి, "లాల్ బాషా ఇల్లు ఇదేనా?" అని అడిగాడు.

ఆసుపత్రికి పోయేసరికి వరండాలో వసంతమ్మ కూర్చుని ఉంది. చీరంతా బురద. నన్ను చూసి లేచింది. నేను ఎవరో ఆమెకు చెప్పనక్కర లేకపోయింది.

"అమ్మా, నువ్వు ఆయన పెండ్లానివేనా," అంది. నా రెండు చేతులూ పట్టుకుంది.

కనుమ మధ్యలో చినుకు మొదలైందట. మట్టిరోడ్డు సబ్బు మాదిరి అయింది. వంపు దగ్గర నారాయణ బ్రేకు తొక్కాడు. ట్రాక్టరు ఆగడానికి బదులు గుట్ట వైపుకు గిర్రున తిరిగింది. వెనక ట్రాలీ దాన్ని నెట్టుకుంటూ లోయ అంచుకు జారుతూ పోయింది. నారాయణ దూకేశాడు.

"మేం పైన అరుస్తాండాం. దిగనీకి యాడుంది తావు? నీ మొగుడు మా దిక్కు ఒకతూరి తల ఎత్తి చూసినాడమ్మా. దూకుతాడనుకుంటి. గుట్ట దిక్కు దూకితే దూకేయొచ్చు. దూకలా. రెండు కాళ్ళు తన్నిపెట్టి ఆ పిడి మీద ఎల్లకిలా పడినాడు. ట్రాలీ నిల్చుకునింది. ట్రాక్టరు మాత్రం తిరిగి తిరిగి వచ్చి..."

ట్రాక్టరు వెనకచక్రం తిరిగి వచ్చి ఆయన కాళ్ళను ట్రాలీకి ఆనించి నొక్కేసింది. అయినా చేతులు పిడిని వదల్లేదట. ఆడవాళ్ళందరూ ఒకరి తర్వాత ఒకరు దిగేదాకా, చివరి మనిషి నేల మీద కాలు పెట్టేదాకా అట్లాగే లాగి పట్టుకుని ఉన్నాడట. తుపాను భయానికి రైతులు మళ్ళీ పిలిపించగా వెనకాల వస్తున్న ఎద్దుబండ్లవాళ్ళు చక్రాల కింద రాళ్ళు పేర్చి, మోకులు కట్టి, ట్రాక్టరును ఎత్తి ఆయన్ని బయటికి తీశారు. ఒకప్పుడు ఆయన వెనక వరసలో నడిచిన బండ్లే అవి. అందులో ఒక బండి మీదే వేసుకుని ముద్దనూరు దాకా తెచ్చి, అక్కడి నుంచి లారీలో ప్రొద్దుటూరు పంపారు.

డాక్టరు చేయగలిగిందంతా చేశాడు. ఒక కాలు మోకాలి పైకి తీసేశారు. రెండో కాలు నిలబెడదామని చూశారు. మొదటి వారం ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. నాయన రోజూ వచ్చి మంచం పట్టె మీద చెయ్యి పెట్టి నిలబడేవాడు, కూర్చోమన్నా కూర్చునేవాడు కాదు.

"పిడి బాగ నిల్చుకునింది మామా," అన్నాడు ఒక రోజు మా ఆయన. "రెండు చక్రాలూ ఒగే తూరి పట్టినాయి. రవ్వంత కూడా పక్కకు ఈడ్సలా."

నాయన బయటికి వెళ్ళిపోయాడు.

అప్పుడు నన్ను దగ్గరికి పిలిచాడు. "ఖాతూనూ, నీకొగ మాట చెప్తా. నారాయణ కొక్కెం ఏయలా. పొద్దున మడక తోల్నాడు గదా, మరిచిపోయినాడు. నేను ఎనకాల నుంచి చూస్తి, ఒగ పెడలే దిగింది. రోజూ అడిగేవాణ్ణి, ఆ పొద్దు వానకు తొందరపడి నేనూ అడగలా. ఈ మాట యాడా అనొద్దు. రెడ్డికి తెలిస్తే వాణ్ణి బతకనీడు. వాని భార్య నిండు చూలాలు."

"మరి నీకెవురున్నారయ్యా?" అన్నాను. ఏడుపు ఆపుకోలేకపోయాను.

"నువ్వుండావు గదా," అన్నాడు.

ఓబులేసురెడ్డి పరామర్శకు వచ్చాడు. బత్తాయిలు తెచ్చాడు. మంచం పక్కన కుర్చీలో కూర్చుని చాలాసేపు నిట్టూర్చాడు. లేచేటప్పుడు, ఎవరినీ తిట్టాలని కాకుండా, మామూలుగా చెప్పే మాటలాగానే అన్నాడు: "భయపడి పిడి గట్టిగ లాగింటావు దస్తగిరీ. నువ్వు లాగకుండా ఉంటే నారాయణ ఎట్లనో సర్దుకోని దించేవాడు. ట్రాలీ పట్టేసబట్టే ట్రాక్టరు తిరిగింది. నలుగురూ అదే అంటాండారు."

నేను మా ఆయన ముఖం చూశాను. కళ్ళు మూసుకున్నాడు. నాతో అన్న మాట గుర్తు చేస్తున్నట్టు ఆయన వేళ్ళు నా మణికట్టు మీద బిగిశాయి. ఆ వేళ్ళు అప్పటికే కాలిపోతున్నాయి. రెండో కాలికి చీము పట్టి జ్వరం తలకెక్కింది. ఆ జ్వరంలోనే ఎద్దుల్ని పేరు పెట్టి పిలుస్తూ, వంపు దగ్గర ఆగమని చెబుతూ ప్రాణం విడిచాడు.

మట్టి చేసిన రోజు బండ్లవాళ్ళంతా వచ్చారు. వసంతమ్మ తన వాళ్ళందరినీ తీసుకుని జమ్మలమడుగు నుంచి నడిచి వచ్చింది. వాళ్ళు ఇంటి బయట రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చారు.

ఇద్దత్ అయ్యేదాకా, అంటే నాలుగు నెలల పది దినాలు, గడప దాటొద్దని పెద్దవాళ్ళు చెప్పారు. నేను గడప లోపల కూర్చునేదాన్ని. తిత్తి ఊదడానికి నాయన ఒక కూలీమనిషిని పెట్టుకున్నాడు. ఆ శబ్దం వింటూ పడుకునేదాన్ని, ఆ శబ్దం వింటూ లేచేదాన్ని.

పోయినవాళ్ళ కోసం నలభయ్యో దినం చదివే ఫాతెహా ఇంకా కాకముందే ఓబులేసురెడ్డి ఆ ట్రాక్టరును మళ్ళీ మా ఇంటి ముందరికే తెచ్చాడు. మడ్గార్డు చితికి ఉంది. ట్రాలీ మూతి వంగి ఉంది. బల్ల సగం విరిగి వేలాడుతోంది. ఎవరో కడిగారు గానీ సరిగా కడగలేదు.

నాయన దాని చుట్టూ తిరిగి చూస్తున్నాడు. నేను గడప లోపలి నుంచే అరిచాను.

"నాయనా, దాన్ని ముట్టుకుంటే నీకు నేను కూతుర్ని కాదు!"

నాయన నావైపు తిరగలేదు. "ముట్టుకోకపోతే ఏమయితాదమ్మా? ఎర్రగుంట్లకు తీసకపోతారు. ఆడ ఒగడు బల్ల సరిచేసి పంపిస్తాడు. బల్ల మీద ఇంగొకణ్ణి కూచోబెడతారు." రెడ్డి వైపు చూశాడు. "చేస్తా రెడ్డీ. అయితే బల్ల ఉండదు. వైరు పెడ్తా. పిడి డ్రైవరు చేతికే రావాల. దానికి నువ్వు ఒప్పుకుంటేనే చేస్తా."

"అట్లనే కానీ సాయిబూ," అన్నాడు రెడ్డి. "నాకు మాత్రం కష్టంగా లేదా? మంచోడు. ఏదో ఆ పొద్దు భయపడి లాగినాడు గానీ..."

"ఆయన భయపడలేదు."

అది నారాయణ గొంతు. ట్రాక్టరు మీద నుంచి ఇంకా దిగలేదు. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి, తల ఎప్పటిలాగే వంగి ఉంది.

"నేను కొక్కెం ఏయలా అప్పా. మడక పని నుంచి నేరుగా వచ్చేస్తి. ఒగ పక్కే తొక్కితి. బండి తిరిగినాక నేను దూకేస్తి. ఆయన దూకలా."

కొలిమిలో తిత్తి ఆగిపోయింది. రెడ్డి నారాయణ వైపు చూశాడు, నాయన వైపు చూశాడు, గడప లోపల ఉన్న నా వైపు మాత్రం చూడలేదు. కండువా తీసి ముఖం తుడుచుకుని, "సరే. పని కానీ," అని రోడ్డు మీదికి నడిచాడు. నారాయణ దిగి, తాళం చెవి నాయన ఇనుము కొట్టే దాగలి మీద పెట్టి, రెడ్డి పోయిన వైపు కాకుండా ఇంకో వైపు పోయాడు. ఆ తర్వాత అతను ట్రాక్టరు ఎక్కలేదని, కాన్పయిన భార్యను తీసుకుని బళ్ళారి దిక్కు పోయాడని విన్నాను.

నాయన ఆ పనిని చాలా రోజులు చేశాడు. విరిగిన బల్లను ఉలితో నరికి తీసేశాడు. వంగిన మూతిని కాల్చి సాపు చేశాడు. లారీ షెడ్ల వెంట తిరిగి సన్నని వైరు తాడు సంపాదించి, అది మలుపుల్లో బిగుసుకోకుండా చిన్న కప్పీ మీదుగా తీసి, డ్రైవరు కుడిచేతి వెనక పిడి నిలబెట్టాడు. ట్రాలీ విప్పేటప్పుడు వైరు సులువుగా ఊడిరావడానికి ఒక కొండి కూడా చేశాడు. నాయనతో నేను మాట్లాడటం మానేశాను. అన్నం పెట్టి లోపలికి పోయేదాన్ని. చివరి రోజు మాత్రం ఆయన పిడి లాగి చూస్తూ, చక్రాలు తిప్పడానికి మనిషి లేక అటూ ఇటూ తిరుగుతుంటే చూడలేకపోయాను. గడప దాటి పోయి చక్రం పట్టుకున్నాను.

"ఎడమది రవ్వంత ఆలస్యం," అన్నాను.

నాయన బోల్టు తిప్పాడు.

శివరాత్రి వచ్చింది. తిరునాళ్ళకు పోయే జనంతో రోడ్డు నిండిపోయింది. నాయన ఇనుము కోసం ఎర్రగుంట్లకు పోయి ఇంట్లో లేడు. మధ్యాహ్నం ఎండలో ఒక ట్రాక్టరు ఆవిరి చిమ్ముతూ మా కొలిమి ముందర ఆగింది. చూడగానే గుర్తుపట్టాను. డ్రైవరు కొత్తవాడు. "అమ్మా, రేడియేటరుకు నీళ్ళు కావాల," అని అరిచాడు. బిందె గడప బయట పెట్టాను.

ట్రాలీ నిండా ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. నాయన లాగిన వైరు ట్రాలీ మూతికి చుట్టలు చుట్టి తాడుతో కట్టేసి ఉంది. దాని పక్కన కొత్త చెక్కబల్ల ఒకటి బోల్టులతో బిగించారు. దాని మీద నుంచి ఒక మనిషి దిగి చేతులు దులుపుకుంటున్నాడు. మా ఆయన వయసే ఉంటుంది.

నేను గడప దాటాను. ఎవరు చూస్తున్నారో పట్టించుకోలేదు.

"ఏ ఊరప్పా మీది?"

"సింహాద్రిపురం పక్కన అక్కా."

"ఆ వైరు ఎందుకు చుట్టి పెట్టినారు?"

"ఏమో అక్కా. నేను పనికి వచ్చినప్పట్నించి అట్లనే ఉండాది. మాటిమాటికి ఇప్పేది కట్టేది పని అంటాడు డ్రైవరు."

"తిరునాళ్ళ దావలో గూడా కనుమ దిగుడు ఉండాది గదా."

"ఉండాది."

నేను ఇంకా దగ్గరికి పోయాను. "ఆడ ట్రాక్టరు అడ్డం తిరిగిందనుకో, పిడి ఇడిచిపెట్టి దూకు. గుట్ట దిక్కు దూకు. ఆలోచన చెయ్యొద్దు. వింటాండావా?"

ఆ మనిషికి నేనెవరో తెలియదు. ఎగతాళి చేయలేదు. నా ముఖంలో ఏదో చూసినట్టున్నాడు, నిజంగానే ఆలోచించాడు. తర్వాత తలెత్తి ట్రాలీ పైకి చూశాడు. అక్కడ ఒక ముసలమ్మ పసిబిడ్డకు కొంగు కప్పి ఎండ మరుగు చేస్తోంది.

"పైన ఇంతమంది ఉంటే ఎట్ల దూకేది అక్కా?" అని అడిగాడు.

వాదించడానికి అడగలేదు. నాకు తెలిసి ఉంటుందని, చెబుతానని అడిగాడు.

డ్రైవరు రేడియేటరు మూత బిగించి, బిందె తెచ్చి గడప దగ్గర పెట్టి, "ఎక్కు ఎక్కు, పొద్దు పోతాంది," అని కేక వేశాడు. ఆ మనిషి బల్ల మీద కూర్చుని కాళ్ళు సర్దుకున్నాడు, పిడి మీద చెయ్యి వేశాడు. ఇంకా నా వైపే చూస్తున్నాడు.

"జాగర్తప్పా," అన్నాను.

తలూపాడు. ట్రాక్టరు కదిలింది. పైన ఆడవాళ్ళు ఆపిన పాటను మళ్ళీ అందుకున్నారు.